కుట్లు విప్పిన రోజు

ఎస్తేరు పెరుగన్నాన్ని గరిటెతో మెదిపి, గిన్నెను వసారా చివరిదాకా చీపురుకట్టతో నెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి గుమ్మంలో కూర్చుంది. నీళ్ళ డ్రమ్ము వెనక పడుకున్న కుక్క, దొరసాని, తల ఎత్తి చూసింది గాని లేవలేదు. దాని మెడ చుట్టూ ఉన్న అట్ట గొట్టం డ్రమ్ముకు రాసుకుని బరబరమంది. ఎస్తేరు కాసేపు చూసి, లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు కుక్క లేచి వచ్చి తినడం మొదలుపెట్టింది. గొట్టం గిన్నె అంచుకు తగులుతుంటే మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ తినడం ఆమె తలుపు సందులోంచి చూసింది.

వారం రోజులుగా ఇదే తంతు. తొమ్మిదేళ్ళు వెంట తిరిగిన కుక్క, ఆమె పని నుంచి వచ్చే ఆటో చప్పుడుకు సందు చివరిదాకా పరుగెత్తే కుక్క, ఇప్పుడు ఆమె చెయ్యి కదిలితే చాలు వణుకుతోంది. ఇవాళ పదో రోజు. మధ్యాహ్నం మూడింటికి పశువుల ఆసుపత్రిలో కుట్లు విప్పుతారు. కుట్లు పోతే నొప్పి పోతుంది, నొప్పి పోతే భయం పోతుంది, భయం పోతే తన దగ్గరికి వస్తుంది. ఎస్తేరు ఈ మాటలే రోజూ లోలోపల అనుకుంటోంది. వేరే ఏ సంగతీ ఆమె బుర్రకు ఎక్కడం లేదు.

పేరుకే దొరసాని గాని అది కారునలుపు. మూతి మీద మాత్రం కాస్త తెలుపు. పిల్లగా మురిక్కాలవ పక్కన దొరికిన రోజు చారన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. పెరుగు వేస్తే గాని ముట్టలేదు. "అబ్బో, దొరసాని దిగిందిరా మా ఇంటికి" అని ఆ రోజు ఎస్తేరు అన్న మాటే దానికి పేరైంది.

సందు మొదట్లో ఆటో హారన్ మోగింది. టిఫిన్ క్యారియరు, నీళ్ళ సీసా, నెత్తికి కట్టుకునే పాత తువ్వాలు సంచిలో వేసుకుని ఎస్తేరు బయటికి వచ్చింది. పక్కింటి గుల్జార్ బేగం అప్పటికే మెట్టు మీద కూర్చుని జాకెట్టుకు హుక్స్ కుడుతోంది. ఆమె భర్త కాలేషా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కుట్లు నాక్కోకుండా దొరసాని మెడకు కట్టిన గొట్టం అతను చేసిందే. మోటారు లోపల తీగల మధ్య పెట్టే మందపాటి కాగితాన్ని గరాటులా చుట్టి, అంచుకు నాడా కట్టి ఇచ్చాడు.

"రెండున్నరకల్లా వచ్చెయ్యి" అంది గుల్జార్ దారం కొరుకుతూ. "నేనొక్కదాన్నే దాన్ని ఆటో ఎక్కించలేను."

"వస్తా అక్కా. దానికి మజ్జిగ పొయ్యి, మర్చిపోమాక."

"వారం రోజుల్నించీ పోస్తున్నది ఎవరే?"

ఆ మాట నిజమే. ఎస్తేరు సంచి భుజాన వేసుకుని ఆటో వైపు నడిచింది. ఆటోలో అప్పటికే తొమ్మిది మంది ఆడవాళ్ళున్నారు. ఆమె చివర ఒంటి తొడ ఆనించి, రాడ్డు పట్టుకుని కూర్చుంది.

నరసరావుపేట దాటాక రోడ్డు పక్కన రేకుల గోడౌన్. లోపల మిరపకాయల రాశులు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయకున్న తొడిమ తీసి ఒక పక్క, కాయ ఒక పక్క వేస్తారు. రంగు పోయిన తాలుకాయను మూడో పక్కకు విసురుతారు. ఎడమ చేత్తో కాయ పట్టి కుడి బొటనవేలి గోరుతో తొడిమ మొదట్లో నొక్కితే టిక్కున ఊడుతుంది. ఎస్తేరు ముప్పై మూడేళ్ళుగా ఇదే చేస్తోంది. చూడకుండా చేస్తుంది. మాట్లాడుతూ చేస్తుంది. ఒకసారి కూర్చునే నిద్రపోతూ కూడా చేసిందని తోటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

మనిషి పొట్టి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. వేసవిలో మిరప ఘాటుకు కనురెప్పలు ఎప్పుడూ ఉబ్బే ఉంటాయి. చేతులు చూస్తే మాత్రం ఆమె వయసు యాభై మూడంటే నమ్మబుద్ధి కాదు. వేళ్ళ చివర గీతలు అరిగిపోయి చర్మం నున్నగా అయిపోయింది. ఆధార్ మిషను దగ్గర వేలు పెట్టమంటే పది వేళ్ళలో ఒక్కటీ పడక, పక్కన నిలబెట్టి కంటి ఫొటో తీశారు. మొదటి రెండేళ్ళూ ఆ చేతులు భగభగ మండేవి. తడిబట్ట చుట్టుకుని పడుకునేది. తరవాత మంట తెలియడం మానేసింది. మంట పోయిందని ఆమె సంతోషించింది. కానీ పోయింది మంట కాదు, అది తెలిసే గుణం.

ఇవాళ ఆమె చేతులకు డాక్టరిచ్చిన రబ్బరు తొడుగులు వేసుకుంది. సాయంత్రం దొరసాని మీద చెయ్యి వేయాలి. ఆ చెయ్యి శుభ్రంగా ఉండాలి.

"డాక్టరమ్మ దిగింది చూడండే" అందొకామె.

"మిరపకాయలకి ఆపరేషనా అక్కా?" అంది ఇంకొకామె.

ఎస్తేరు కూడా నవ్వింది. తొడుగుల్లోంచి కాయ చేతికి ఆనడం లేదు. తొడిమ ఎక్కడుందో బొటనవేలికి అంతుపట్టక ప్రతి కాయనూ కళ్ళతో చూడాల్సి వచ్చింది. అందరి ముందూ రాశి తరుగుతుంటే ఆమె ముందు అలాగే ఉంది. పది గంటలకల్లా కుడి బొటనవేలి దగ్గర రబ్బరు చిరిగింది. ఇంకాసేపటికి ఎడమదీ చిరిగింది. మేస్త్రి ఇన్నయ్య ఆమె రాశి వైపు రెండోసారి చూసి వెళ్ళాక తొడుగులు తీసి సంచిలో పడేసి వట్టి చేతులతోనే మొదలుపెట్టింది.

చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే ఆమె మనసు పన్నెండు రోజులు వెనక్కి పోయింది. దొరసాని కుంటుతుంటే ముల్లు గుచ్చుకుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు. డాక్టరు వందన చిన్న వయసు పిల్ల, చేతులు చురుగ్గా ఆడతాయి. ముల్లు దొరికింది, తీసేసింది. తీశాక ఎందుకో కుక్కను వెల్లకిలా తిప్పి, వెనక కాళ్ళ మధ్య చెయ్యి పెట్టి ఆగిపోయింది. నిమ్మకాయంత గడ్డ.

"ఇంత పెరిగిందాకా దీన్ని చేత్తో నిమరలేదా అమ్మా?" అంది.

"నిమురుతానమ్మా. మోచేత్తో."

వేళాకోళమాడుతోందేమోనని డాక్టరు తలెత్తి చూసింది. ఎస్తేరు రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది. డాక్టరు వాటిని చూసింది. ఇది కణితి అనీ, ఉంచితే ప్రాణానికే ముప్పనీ, ఎల్లుండి పొద్దున ఏమీ పెట్టకుండా తీసుకురమ్మనీ చెప్పింది.

ఆపరేషన్ గంటన్నర పట్టింది. ఎస్తేరు మెట్ల మీద కూర్చుని బైబిలు మాటలు గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ సాంతం గుర్తుకు రాలేదు. "ప్రభువా, అది కుక్కే, కాదనను, కానీ నాది" అని ఊరుకుంది. తరవాత వందన బయటికి వచ్చి, గడ్డ మొత్తం వచ్చిందనీ, లోపల పాకిందో లేదో ఇప్పుడే చెప్పలేననీ అంది. పూటకోసారి కుట్ల మీద మందు రాయాలి, పదో రోజు కుట్లు విప్పుతాను అంది.

ఎస్తేరు రెండు రోజులు పని మానేసి ఇంట్లో ఉంది. ఆ రెండు రోజులూ డాక్టరిచ్చిన తొడుగులు మార్చి మార్చి వేసుకుని మందు రాసింది. దొరసాని మూలిగిందే గాని కదలకుండా పడుకుని రాయించుకుంది. మూడో రోజు పనికి వెళ్ళి వచ్చింది. ఎప్పటిలాగే సబ్బుతో రెండుసార్లు, కొబ్బరినూనె పెట్టి ఒకసారి, మజ్జిగతో ఒకసారి చేతులు కడిగింది. మిగిలిన తొడుగులు వెతికితే ఆ పూట కనబడలేదు, తరవాతెప్పుడో దొరికాయి. ఇన్నేళ్ళుగా అలా కడిగిన చేత్తోనే అన్నం తింటోంది, వండుతోంది. చేతుల్ని ముక్కు దగ్గర పెట్టి చూసుకుంటే సబ్బు వాసనే వచ్చింది. వేలి మీద మందు తీసుకుని పచ్చి కుట్ల మీద రాసింది.

దొరసాని అరిచిన అరుపుకు గుల్జార్ కత్తెర చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. కుక్క ఒళ్ళు ఈడ్చుకుంటూ డ్రమ్ము వెనక దూరి, అక్కడ నేలకు కడుపు రుద్దుకుంటోంది. కరవడానికి కూడా దానికి తోచలేదు. కరిచినా బాగుండేదని ఎస్తేరుకు ఆ తరవాత చాలాసార్లు అనిపించింది.

"ఏం చేశావే దాన్ని?"

"మందే రాశానక్కా. కడుక్కునే రాశా."

గుల్జార్ ఆమె చెయ్యి పట్టుకుని తన పెదవికి ఆనించి చూసి, తుపుక్కున ఉమ్మి, "యా అల్లా, మండిపోతా ఉందే" అంది.

ఆ రోజు నుంచి మందు ఎవరు రాయాలన్నది చిక్కయి కూర్చుంది. కుక్క ఎస్తేరును దగ్గరికి రానివ్వదు. గుల్జార్ కుక్కను ముట్టుకోదు. అయిదు పూటలా నమాజు చేసే మనిషి, కుక్క తగిలితే ఆమెకు మైల. పదహారేళ్ళుగా గోడకు అటూ ఇటూ ఉంటూ రంజానుకు సేమియా ఇటూ, క్రిస్మసుకు కేకు అటూ పోయాయి గాని, దొరసాని మెట్టెక్కబోతే మాత్రం "హట్" అని చెప్పు చూపించేది. ఆ సాయంత్రం ఆమె చాలాసేపు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తరవాత ఇంట్లోకి వెళ్ళి పాత చీరకు మారి, కుడి చేతికి బ్రెడ్డు కవరు తొడుక్కుని మణికట్టు దగ్గర మిషను దారంతో కట్టుకుని వచ్చింది.

"తానం చేసి పోతాలే నమాజుకి" అంది ఎవరూ అడక్కుండానే. "పైవాడికి తెలుసులే నా సంగతి."

అప్పటి నుంచి రోజూ రెండు పూటలా అదే పని. బట్ట మార్చడం, కవరు కట్టడం, రాయడం, స్నానం. ఎస్తేరు దూరంగా నిలబడి మందు మూత తీసి ఇచ్చేది.

మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళకు కూతురు కీర్తి ఫోన్ చేసింది. గుంటూరులో బట్టల షాపులో పని చేస్తుంది.

"కుక్కకి ఎట్టుంది?"

"ఇయ్యాల కుట్లు ఇప్పుతారు. మూడింటికి."

"రెండు రోజులు సెలవు పెట్టావంటగా దాని కోసం." కీర్తి నవ్వుతూనే అంది. "నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పెట్టావా?"

"అప్పుడు మీ అమ్మమ్మ ఉందిగా."

"ఉందిలే. సరే, జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాక ఎస్తేరుకు అన్నం సయించలేదు. పనిలో చేరిన రెండో ఏడు పుట్టింది కీర్తి. నాలుగో నెలలో తిరిగి పనికొచ్చి, సాయంత్రం ఇంటికెళ్ళి పాలివ్వబోతే పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. పెదాలు ఎర్రగా పొంగాయి. మర్నాడూ అంతే. మూడో రోజు ఎస్తేరు తల్లి వచ్చి పిల్లను తన ఊరు నకరికల్లు తీసుకెళ్ళిపోయింది. అప్పటికే భర్త లారీ మీద నుంచి పడి మంచాన ఉన్నాడు, ఏడాదికి పోయాడు. పని మానుకునే దారి ఎటూ లేదు. కీర్తి అక్కడే పెరిగింది. అమ్మమ్మను అమ్మా అనీ, ఈమెను ఎస్తేరమ్మా అనీ పిలిచేది. వారానికోసారి ఎస్తేరు వెళ్తే, పిల్ల ఆమె చేతుల వంక చూసి అమ్మమ్మ చీర చాటుకు పోయేది. ఆ చూపును ఎస్తేరు ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు. వారం రోజులుగా అదే చూపు డ్రమ్ము వెనక దొరసాని కళ్ళలో రోజూ కనబడుతోంది.

ఒంటిగంట దాటాక ఇన్నయ్య దగ్గరికి వెళ్ళింది.

"నే పోవాలన్నా. పొద్దున చెప్పాగా."

"పోయిన వారం రెండు రోజులు ఎగ్గొట్టావు. ఇయ్యాల సగం పూట అంటున్నావు." ఇన్నయ్య చెవి గోక్కున్నాడు. మంచివాడే, కానీ అతని మీదా అరిచేవాళ్ళున్నారు. "పెదకూరపాడు నించి రేపు ఇంకో ముఠా దిగుతా ఉంది. నువ్వు రాకపోతే నీ చోట్లో కూర్చోబెడతారు. నన్ను అడగమాక తరవాత."

"ఇయ్యాలొక్క పూటే. రేపు పొద్దున ఆటోకి ఉంటా."

గోడౌన్ వెనక కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని చేతులు కడగడం మొదలుపెట్టింది. బట్టల సబ్బుతో, తరవాత క్యారియరులో మిగుల్చుకున్న మజ్జిగతో. శుభ్రమయ్యాయో లేదో చేతులు చెప్పవు. చిటికెన వేలు తీసి కంటి కొసకు తాకించుకుంది. కన్ను భగ్గుమంది. నీళ్ళు కారుతుండగానే మళ్ళీ కడిగి, మళ్ళీ తాకించింది. మండింది. ఇసుక వేసి రుద్దింది. మూడోసారి ఇంకో కన్ను. అదీ మండింది. వెళ్ళే వేళ అయిపోతుండటంతో ఎర్రబడ్డ కళ్ళతోనే రోడ్డెక్కి, వచ్చిన మొదటి ఆటో ఆపింది. ఏడ్చావా అని ఆటోవాడు అడిగితే, "మిరపకాయలు" అంది.

ఆసుపత్రిలో బల్ల మీదకు ఎక్కించగానే దొరసాని గోళ్ళు రేకు మీద టకటకలాడాయి. వందన మెడ గొట్టం విప్పి పక్కన పెట్టి, "గట్టిగా పట్టుకోండమ్మా, కదలకుండా" అంది.

ఎస్తేరు ముందుకు వచ్చింది. కుక్క ఆమె చేతుల్ని చూసి వెనక్కి జరిగి, బల్ల అంచు దాటి పడబోయింది. గుల్జార్ ఒక్క ఉదుటున వచ్చి దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది. "ఏయ్, ఏయ్, ఏం లేదు, ఏం లేదు" అంటూ తలను తన పొట్టకు ఆనించుకుంది. దొరసాని ముక్కు ఆమె కొంగులో దూర్చి నిశ్శబ్దంగా ఉండిపోయింది. బ్రెడ్డు కవర్లు బల్ల మీద సంచిలోనే ఉన్నాయి. ఎస్తేరు వాటిని చూసింది. తీసి ఇవ్వలేదు.

పదకొండు కుట్లు. వందన ఒక్కొక్కటే కత్తిరించి దూదితో తుడిచింది. గాయం చక్కగా అతుక్కుంది.

"బాగా మానింది. కానీ ఇట్లాంటివి మళ్ళీ రావచ్చు. నెలకోసారి పొట్టంతా చేత్తో తడిమి చూడాలి. శనగ గింజంత తగిలినా వెంటనే తీసుకురండి, నిమ్మకాయంత అయ్యాక కాదు. అరచేత్తో, మెల్లగా. ఎవరు చూస్తారు?"

గుల్జార్ ఎస్తేరు వంక చూసింది. ఎస్తేరు తన అరచేతులు చూసుకుంది. శనగ గింజ కాదు, నిప్పు కణిక తగిలినా వాటికి తెలుస్తుందో లేదో.

"చూస్తామమ్మా" అంది చివరికి.

ఇంటికి వచ్చే ఆటోలో దొరసాని గుల్జార్ కాళ్ళ దగ్గర పడుకుంది. సగం దారిలో గుల్జార్ తన చేతుల్ని తిప్పి చూసుకుని, "అరె, కవరే కట్టుకోలేదే" అంది. తరవాత, "ఇంటికెళ్ళి తల మీద నించి పోసుకోవాల" అని తనకు తనే చెప్పుకుంది.

సందులో ఆటో దిగగానే దొరసాని ఒళ్ళు విదిలించుకుంది. మెడకు ఏమీ లేకపోవడం కొత్తగా ఉందేమో, రెండుసార్లు తల తిప్పి చూసుకుంది. ఎస్తేరు వాకిలి గొళ్ళెం తీసి పట్టుకుని నిలబడింది. కుక్క ఆ వాకిలి ముందు నుంచే నడిచి, పక్కింటి మెట్టు వాసన చూసి, దాని మీద చుట్ట చుట్టుకుని పడుకుంది.

"ఏందే, నీ ఇల్లు అది" అంది గుల్జార్. అది కదలలేదు. "దీనికేం తెలుసే ఎస్తేరూ. వారం రోజుల అలవాటు. అదే వస్తది" అని, కుక్కను దాటుకుని స్నానానికి లోపలికి పోయింది.

ఎస్తేరు కూడా స్నానం చేసింది. తరవాత పెట్టెలోంచి చర్చికి కట్టుకునే తెల్ల చీర తీసింది. దానికి మిరప ఘాటు సోకలేదు. ఆదివారం కట్టుకుని, ఆదివారమే ఉతికి పెట్టెలో పెట్టేస్తుంది. దాన్ని నాలుగు మడతలు వేసి వసారాలో పరిచింది. పక్కన కూర్చుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని పిలిచింది.

"దొరసానీ. రావే. ఇదిగో చూడు, చేతుల్లేవు."

కుక్క తలెత్తింది. ఆమెను గుర్తుపట్టింది, తోక నేల మీద టపటపమని కొట్టింది. కోపమేమీ లేదు దానికి. కానీ లేవలేదు. కాసేపటికి మళ్ళీ తల ముందు కాళ్ళ మీద పెట్టుకుంది. మసీదులో సందెవేళ మగ్రిబ్ అజా అయ్యేదాకా ఎస్తేరు అలాగే కూర్చుంది. కాలేషా షాపు కట్టి వచ్చి, మెట్టు మీద కుక్కను చూసి, చెప్పులు గోడవార విడిచి దాని పక్క నుంచి లోపలికి పోయాడు.

నమాజు చేసుకుని గుల్జార్ బయటికి వచ్చింది.

"లేపి పంపనా?"

"వద్దక్కా. ఉండనియ్యి."

"మా ఇంటో ఎట్టా కుదురుద్దే? పిచ్చిదానా."

"ఇంట్లోకొద్దు. మెట్టు చాలు దానికి. పెరుగు నేనే పోస్తా, తెచ్చి ఇస్తా." ఎస్తేరు గొంతు సవరించుకుంది. "నెలకోసారి పొట్ట తడిమి చూడక్కా. కవరు లేకుండా. కవరుంటే తెలవదు. నా చేతికి ఎట్టాగూ తెలవదు."

గుల్జార్ కొంగు నడుముకు దోపుకుంది. తరవాత వంగి, దొరసాని వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తోక దాకా నిమిరింది. ఎస్తేరు లోపలికి వెళ్ళి కుక్క గిన్నె కడిగి తెచ్చి, గోడ మీద పెట్టింది. గుల్జార్ దాన్ని తీసుకుంది.

వసారాలో పరిచిన చీరను మాత్రం ఎస్తేరు తియ్యలేదు. చీకట్లో వస్తుందేమో, వస్తే ఉండనీ అనుకుంది.

తెల్లవారి ఆటో హారన్ మోగేసరికి ఎస్తేరు తువ్వాలు, క్యారియరు సంచిలో వేసుకుని తాళం పెట్టింది. పక్క మెట్టు మీద దొరసాని పొట్ట పైకి పెట్టి, కాళ్ళు చాపి నిద్రపోతోంది. ఆమె చప్పుడు చేయకుండా దాన్ని దాటి వెళ్ళి ఆటో చివర ఒంటి తొడ ఆనించి కూర్చుంది. వసారాలో తెల్ల చీర నాలుగు మడతలతో పరిచింది పరిచినట్టే ఉంది, దాని మీద ఒక్క నల్ల వెంట్రుక కూడా లేదు.